సగము మనసుతో పుట్టిన దేశము

పరపాలననుండి విముక్తినొందిన దేశముల చరిత్రలు చదువుకొన్నవారికి, స్వాతంత్ర్యమనగా ప్రజలెల్లరు ఒక్క గొంతుకతో అడిగినదనియు, ఈయనొల్లనివాడు పరపాలకుడనియు, ఆ ఇరువురి నడుమ జరిగిన పెనుగులాటయే చరిత్రయనియు ఒక అభిప్రాయము స్థిరపడియుండును. మన దేశపు అనుభవము మనకు నేర్పినదియు ఇంచుమించు అదియే గనుక దానిని శంకింపవలసిన అవసరము సామాన్యముగా కలుగదు. హిందూమహాసముద్రపు నైరృతిమూలనున్న మారిషస్ ద్వీపమున 1967 ఆగస్టు మొదలు మరుసటి యేటి నడిమివరకు గడచిన కాలము ఈ అభిప్రాయమును తలక్రిందులు చేయును. అచట ఇచ్చివేసెదనన్నవాడు పాలకుడు. వలదన్నవారు ప్రజలు, అందును ఓటు వేసినవారిలో నూటికి దాదాపు 44 మంది. ఓటుపెట్టెచేత స్వతంత్రమైన ఆ చిన్న దేశము, తన్ను వలదన్నవారితో కలసి కాపురము చేయుటకు చెల్లించిన మూల్యమేమన్నదియే నాకు ఆ సంవత్సరపు కథలో ముఖ్యముగా తోచునది.

మడగాస్కరునకు తూర్పున దాదాపు 800 కిలోమీటర్ల దూరమున, 1,865 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణముతో, మన పూర్వపు తూర్పుగోదావరి జిల్లాలో అయిదవవంతునకైన సరిపోని ఆ ద్వీపమునకు ఆదివాసులు లేరు. ఉన్నవారందరును ఎక్కడనుండియో వచ్చినవారే. 1598లో డచ్చివారు దిగి, తమ రాకుమారుడైన మారిట్జు పేరిడి, చెరకును జింకను తెచ్చి, ఎగురనేరని డోడో పక్షి రూపుమాసిపోవుటకు కారకులై, 1710లో విడిచిపోయిరి. 1715లో వచ్చిన ఫ్రెంచివారు ఆఫ్రికానుండియు మడగాస్కరునుండియు బానిసలను తెచ్చి తోటలు వేసిరి. 1735 తరువాత లాబూర్దొన్నే అను గవర్నరు పోర్ట్ లూయీ రేవును పట్టణముగా తీర్చెను. 1810లో ఆంగ్లేయులు ద్వీపమును గెలిచినను, ఓడినవారి భాషను, మతమును, చట్టములను, ఆస్తులను ముట్టబోమని మాటయిచ్చుటచేత, పాలన ఆంగ్లేయులదియు నాగరికత ఫ్రెంచివారిదియు అయిన ఒక విచిత్రమైన ఏర్పాటు నూటయేబదియేండ్లకు పైబడి సాగెను. 1835లో బానిసత్వము రద్దగుటకు కొన్ని నెలల ముందుగనే, 1834 నవంబరు 2న, కలకత్తానుండి అట్లాస్ అను ఓడ ముప్పదియారుగురు కూలీలను తెచ్చి దింపెను. ఆ పిమ్మట ఎనుబదియేండ్లకు పైగా ఆ రేవున దిగిన భారతీయ కూలీల సంఖ్య నాలుగున్నర లక్షల పైచిలుకు. వారి సంతతియే నేటి జనాభాలో పెద్దభాగము.

ఈ వచ్చినవారిలో తెలుగువారును కలరు. కోరంగి, విశాఖపట్నము, గంజాము ప్రాంతములనుండి ఓడలెక్కినవారిని ద్వీపవాసులు కొరింగీలని పిలిచిరి. 1839 నాటి ఉప్పెనతో కోరంగి రేవు మనకే మరుగునపడినను, దాని పేరు వేల మైళ్ళ దూరమున ఇట్లు బ్రతికియుండుట గమనింపదగినది. వారి వంశీయులు నేటికిని సింహాద్రి అప్పన్నను కొలిచెదరు, అమ్మోరు పండుగ జరిపెదరు, రామభజనము చేసెదరు. ఉగాది అచట దేశమంతటికిని సెలవుదినము. సంఖ్యలో వీరు కొద్దివారు. ఐనను తెలుగుభాషకు ఆ దేశపు రాజకీయ చరిత్రలో ఒక చోటు కలదు. 1947 నాటి రాజ్యాంగపు ఏర్పాటు ప్రకారము ద్వీపమున వ్యవహారమందున్న భాషలలో ఏదేని ఒకదానిలో చిన్నవాక్యములు చదువను వ్రాయను వచ్చినవారికి ఓటు లభించెను. ఆ భాషల పట్టికలో ఇంగ్లీషు, ఫ్రెంచి, హిందుస్తానీ, తమిళములతోపాటు తెలుగును నిలచెను. అంతవరకు ఆస్తికిని ఆదాయమునకును పరిమితమైన ఓటు, ఇంటిలో తల్లిభాష అక్షరములు దిద్దిన కూలికిని చేరెను. బాసుదేవ్ బిసూందోయాల్ అను హిందూమత ప్రచారకుని అనుచరులు పల్లెలలో బైఠకాలను కూటపు ఇండ్లలో సాయంకాలము పాఠములు చెప్పి జనులను ఓటర్లుగా నమోదు చేయించిరి. పన్నెండువేలకు లోపుగా నున్న ఓటర్ల సంఖ్య 1948 ఎన్నికలనాటికి 70 వేలు దాటెను. బడి నడపి రాజ్యమును మార్చుట యన్నది మాటవరుసకు చెప్పుకొనునది కాక కంటికి కనబడునట్లు జరిగిన చోట్లు లోకమున ఎన్నియో లేవు.

వయోజనులందరికిని ఓటు 1959లో వచ్చెను. అప్పటినుండి స్వాతంత్ర్యమన్నది దూరపుమాట కాలేదు. కాని దగ్గరపడిన కొలది భయమును పెరిగెను. ఆ భయమునకు కారణములు లేకపోలేదు. ఎగుమతులలో పదింట తొమ్మిది పాళ్ళకు మించి చక్కెరయే. ఆ చక్కెర కొన్ని ఫ్రెంచి కుటుంబముల చేతులలోని తోటలది. దానిని మంచి ధరకు కొనునది బ్రిటను. 1960లో ఆలిక్స్, కరోల్ అను రెండు తుపానులు ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఇండ్లను కూల్చి, ఆ యేటి పంటలో సగమునకు పైగా తుడిచివేసెను. మలేరియా నిర్మూలనముతో మరణములు తగ్గుటచేత జనాభా వడివడిగా పెరుగుచుండెను. 1961లో జేమ్స్ మీడ్ అను ఆర్థికశాస్త్రవేత్త, తరువాతి కాలమున నోబెల్ బహుమానము పొందినవాడే, ద్వీపపు భవిష్యత్తును పరిశీలించి మిక్కిలి నిరాశాజనకమైన నివేదిక సమర్పించెను. అంతటి పండితుడు మునిగిపోవునన్న ఓడను ఎక్కుటకు సామాన్యులు జంకిరన్నచో వారిని దేశద్రోహులనుట న్యాయము కాదు.

ఒక వైపున శివసాగర్ రాంగులామ్. 1900లో పల్లెటూరి కుటుంబమున పుట్టి, 1921లో లండనుకు పోయి వైద్యవిద్య చదివి, పదునాలుగేండ్లు అచటనే గడపి తిరిగివచ్చిన ఈయన, 1936లో మోరీస్ క్యూరే స్థాపించిన లేబర్ పార్టీకి నాయకుడై, తొందరపడక, గొంతెత్తక, లండనువారితో మాటలాడి ఒక్కొక్క మెట్టుగా పైకివచ్చినవాడు. జనులు ఆయనను చాచా అని పిలిచిరి. ఆయన వెంట బాసుదేవుని తమ్ముడైన సుఖదేవ్ బిసూందోయాల్ నాయకుడుగా నున్న ఇండిపెండెంట్ ఫార్వర్డ్ బ్లాకును, అబ్దుల్ రజాక్ మహమ్మద్ నడపిన ముస్లిము కార్యాచరణ సంఘమును చేరి, మూడును కలిసి ఇండిపెండెన్స్ పార్టీ అను పేర ఎన్నికలకు నిలచెను. ఎదుటివైపున గాయెతాన్ దువాల్. న్యాయవాది, నలుబదియేండ్లు నిండనివాడు, వేషభాషలయందు నాటకీయత కలవాడు, జనులచేత క్రియోలు రాజని పిలిపించుకొన్నవాడు. ఆయన పార్టియైన పార్తీ మోరిసియేన్ బ్రిటనుతో సంబంధము తెగరాదనియు, సహవాస రాజ్యముగా నిలువవలెననియు, చక్కెర ధరయు వలసపోవు స్వేచ్ఛయు పోగొట్టుకొనుట మూర్ఖత్వమనియు వాదించెను. బానిసల సంతతివారైన క్రియోలులును, ఫ్రెంచి సంతతివారును, చీనా వర్తకులలో పలువురును ఆయన వెనుక నిలచిరి. హిందువులలోను ముస్లిములలోను ఆయనకు ఓట్లు వేసినవారు లేకపోలేదు, హిందువు నా సోదరుడన్నది ఆయన సభలలో మారుమ్రోగిన నినాదము.

ఎన్నికలకంటె ముందు ఎన్నికల నియమములపై జరిగిన తగవు తక్కువది కాదు, నా దృష్టిలో ఆ సంవత్సరపు అసలు చరిత్ర అందే యున్నది. ద్వీపమును ఇరువది నియోజకవర్గములుగా విభజించి, ఒక్కొక్కదానికి మువ్వురు సభ్యులను కేటాయించి, ఓటరు విధిగా మూడు ఓట్లును వేయవలెనని నిర్ణయించిరి, తూర్పున 560 కిలోమీటర్ల దూరముననున్న రోడ్రిగ్స్ దీవికి ఇరువురు, వెరసి 62. పల్లెలలో హిందువులు గుంపుగానుండగా తక్కినవారు చెదరియుండుటచేత, నేరుగా లెక్కించినచో కొన్ని వర్గములకు సభలో చోటు దొరకదన్న భయము పుట్టెను. ఈ తగవును పరిశీలింప 1966లో వచ్చిన బాన్వెల్ సంఘము చెప్పిన పరిష్కారము లేబర్ పార్టీకి రుచింపలేదు. బ్రిటిషు మంత్రి జాన్ స్టోన్‌హౌస్ స్వయముగా వచ్చి ఉభయులను ఒప్పించి, ఓడినవారిలో ఉత్తములకు ఎనిమిది స్థానములిచ్చు పద్ధతిని ఖాయపరచెను. ప్రతి అభ్యర్థియు తన నామపత్రమునందు తన వర్గమును ప్రకటింపవలెను. లెక్కలు ముగిసిన పిదప, ఏ వర్గమునకు జనాభాకు తగినంత ప్రాతినిధ్యము లభింపలేదో చూచి, ఆ వర్గమునుండి ఓడినవారిలో ఎక్కువ ఓట్లు తెచ్చుకొన్నవారిని సభకు పిలువవలెను. మొదటి నాలుగు స్థానములు వర్గపు కొరతను తీర్చుటకును, తరువాతి నాలుగు ఆ కొరత తీర్చుటవలన పార్టీల బలములు చెడకుండుటకును.

వర్గములు నాలుగు: హిందువులు, ముస్లిములు, చీనా సంతతివారు, సామాన్య జనాభా. ఈ నాలవ వర్గమునకు రాజ్యాంగము చెప్పిన లక్షణము వినదగినది: ఎవరి జీవనవిధానమును బట్టి వారిని మొదటి మూడింటిలో చేర్చుటకు వీలులేదో, వారెల్లరు సామాన్య జనాభా. ఇందుమూలమున చెరకుతోట యజమానియు, ఆ తోటలో ముత్తాత కొరడాదెబ్బలు తిన్న క్రియోలు కూలియు ఒక్క గడిలో పడిరి. తెలుగువారికి, తమిళులకు, మరాఠీలకు విడిగా గడి లేదు, వారందరును హిందువులలోనివారే. భాషను బట్టి 1948లో ఓటు పొందిన తెలుగువాడు ఇరువదియేండ్లు తిరుగకమునుపే మతమునుబట్టి లెక్కలోనికి వచ్చెను. ఈ పద్ధతిని పరిహసించుట సులభము, పలువురు పరిహసించిరి కూడ. కాని ఎదుటివానికి చోటుండునన్న పూచీ కాగితముపై వ్రాసియుండనిచో ఆ ఎన్నికలు జరిగియుండెడివి కావనియే నేను తలచుచున్నాను. ఐతే తాత్కాలికమని తెచ్చినవి శాశ్వతమగుట లోకసహజము. 1972 తరువాత జనగణనలో వర్గమును అడుగుట మానిరి. ఎనిమిది స్థానముల లెక్క మాత్రము ఆ 1972 సంఖ్యలనుబట్టియే చేయుచు వచ్చిరి.

1967 ఆగస్టు 7న పోలింగు జరిగెను. నూటికి దాదాపు తొంబదిమంది ఓటు వేసిరి. స్వాతంత్ర్యపక్షమునకు 39 స్థానములు, దువాల్ పక్షమునకు 23. ఎనిమిది అదనపు స్థానములను చెరిసగము పంచగా 43, 27. స్థానములలోని అంతరము చూచినవారికి తిరుగులేని గెలుపుగా తోచును గాని, ఓట్లలో అంత దూరము లేదు. పట్టణములలో దువాల్‌దే పైచేయి. తొలిసారిగా ఓటు వేసిన రోడ్రిగ్స్ దీవి దాదాపు ఏకముఖముగా ఆయనవైపే మొగ్గెను. స్వాతంత్ర్యముపై విడిగా జనాభిప్రాయ సేకరణ జరుపవలెనని ఆయన కోరియుండెను; బ్రిటిషు ప్రభుత్వము అందులకు ఒప్పక, ఈ ఎన్నికలనే జనాభిప్రాయముగా పరిగణించెను. ఆగస్టు 22న శాసనసభలో రాంగులామ్ స్వాతంత్ర్యమును కోరు తీర్మానమును నెగ్గించెను. ఈలోపల నిశ్శబ్దముగా మరియొక ఓటింగు ప్రారంభమైనది: ఆస్తులమ్ముకొని, ఓడలెక్కి, ఆస్ట్రేలియాకు తరలిపోవు కుటుంబముల వరుస. బడిపంతుళ్ళు, గుమాస్తాలు, నర్సులు, యంత్రపు పనివారు అందులోనుండుటచేత ఆ నష్టము సంఖ్యకు మించినదయ్యెను.

అంతకంటె ఘోరమైనది జనవరిలో రానుండెను. 1968 జనవరి మూడవవారము ముగియుచుండగా పోర్ట్ లూయీలో ఇస్తాంబుల్, టెక్సాస్ అని పేర్లు పెట్టుకొన్న రెండు రౌడీమూకల తగవు, ఒకటి ముస్లిములది మరియొకటి క్రియోలులది యగుటచేత, వీథులకు ప్రాకి మతకలహముగా మారెను. రాజకీయమున ప్రధానమైన చీలిక హిందువులకును క్రియోలులకును నడుమనుండగా, కత్తులు లేచినది మాత్రము క్రియోలులకును ముస్లిములకును నడుమ. శాసనసభలోని గీతలును, సందులలోని గీతలును ఒకటి కావని ఆ పదిదినములు తేల్చిచెప్పెను. ఇరువదిమందికి పైగా మరణించిరి. అత్యవసర పరిస్థితి ప్రకటించి, సింగపూరునుండి బ్రిటిషు పటాలమును విమానములలో రప్పించిరి. ప్లేన్ వేర్త్‌లోని క్రియోలులు రోష్‌బ్వాకును, రోష్‌బ్వాలోని ముస్లిములు ప్లేన్ వేర్త్‌కును సామానులు మోసికొని తరలిరి. తరతరములుగా ఇరుగుపొరుగువారై యున్నవారు రెండువారముల వ్యవధిలో రెండు పేటలవారైరి. కలహము మొదలగునాటికి స్వాతంత్ర్యమునకు ఇంకను ఏడువారములున్నవి.

ముహూర్తమును వాయిదా వేయలేదు. 1930లో గాంధీమహాత్ముడు దండికి పయనమైన దినమగుటచేత మార్చి 12ను ఎన్నుకొనిరని చెప్పుదురు. ఆయన 1901లో దక్షిణాఫ్రికానుండి వచ్చుచు ఆ ద్వీపమున మూడువారములు ఆగి, పిల్లలను చదివింపుడని కూలీలకు బోధించియున్నాడు, ఆ పిమ్మట 1907లో మణిలాల్ డాక్టర్ అను బారిస్టరు వచ్చి వారి పక్షమున వ్యాజ్యములు నడపుటకు ఆయనయే కారకుడు. ఉత్సవమునకు స్థలము షాఁ ద మార్స్ అను గుఱ్ఱపుపందెముల మైదానము. 1812లో, ఓడిన ఫ్రెంచివారిని గెలిచిన ఆంగ్లేయులను వినోదమున కలుపవలెనని తెరచిన మైదానమది. 1936లో లేబర్ పార్టీ పుట్టినదియు అచటనే. ఇంగ్లండు రాణి పక్షమున రావలసిన అలెగ్జాండ్రా రాకుమారి కలహముల కారణమున రాక మానెను. ప్రతిపక్షము ఉత్సవములకు దూరముగా నిలచెను. మిట్టమధ్యాహ్నము బ్రిటిషు పతాకము దిగి, ఎఱుపు, నీలము, పసుపు, ఆకుపచ్చ పట్టెల పతాకము లేచెను; ఝాఁ జార్జ్ ప్రోస్పేర్ వ్రాయగా ఫిలిప్ జాఁతీల్ బాణీ కట్టిన గీతమును పాడిరి. గవర్నరుగా నిద్రలేచిన సర్ జాన్ షా రెన్నీ గవర్నరు జనరలుగా నిద్రించెను. రాణియే రాణిగా నుండెను. బ్రిటిషు పటాలము ఇంకను ద్వీపముననే యుండెను. అదే దినమున కుదిరిన రక్షణ ఒడంబడిక ప్రకారము, లోపలి అల్లర్లను అణచుటకు సైతము కొత్త ప్రభుత్వము బ్రిటను సాయము కోరవచ్చును. తమ్ము విడిచిపొమ్మన్నవానినే కావలియుండుమని అడుగవలసివచ్చుట అవమానకరమని కొందరనిరి. జనవరిని చూచినవారు అట్లనలేదు. ఏప్రిలు 24న మారిషస్ ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వము పొందెను.

ఈ లెక్కలన్నింటిలోను చేరని జనులు కొందరుండిరి. 1965 సెప్టెంబరులో లండనులోని లాంకాస్టర్ హౌస్ భవనమున మారిషస్ రాజ్యాంగ సమావేశము జరుగుచుండగా, 23వ తేదీన ప్రధాని హెరాల్డ్ విల్సన్ రాంగులామ్‌ను విడిగా పిలిచి మాటలాడెను. నవంబరు 8న చాగోస్ దీవులను మారిషస్‌నుండి వేరుచేసి, ముప్పది లక్షల పౌనులు పరిహారముగా నిర్ణయించి, బ్రిటను తనయొద్ద నుంచుకొనెను. ఆ దీవులలో ఒకటియైన డియెగో గార్సియా అమెరికావారికి సైనికస్థావరమగుటకు ఉద్దిష్టమైనది. దువాల్ పక్షపు మంత్రులు ఈ విషయమై ప్రభుత్వమునుండి తొలగిరి గాని, వారి అభ్యంతరము దీవులను ఇచ్చినందుకు కాదు, తగిన ధర రానందుకు. స్వాతంత్ర్యపు సంవత్సరముననే, చికిత్సకో చుట్టపుచూపునకో పోర్ట్ లూయీకి వచ్చిన చాగోస్‌వాసులు తిరుగుఓడ కొరకు రేవునకు పోగా, ఇక మీకు ఓడ లేదన్న సమాధానము వినవలసివచ్చెను. 1973 నాటికి ఆ దీవులనుండి జనులనందరిని తొలగించిరి. చక్కెర కోటాను, సభాస్థానములను, వర్గములను, పార్టీలను ఇంత జాగ్రత్తగా తూచినవారి త్రాసులో ఈ వేయిన్నర, రెండువేలమందికి చోటు దొరకలేదు. 2019 ఫిబ్రవరి 25న అంతర్జాతీయ న్యాయస్థానము, 1968లో మారిషస్ వలసవిముక్తి చట్టబద్ధముగా పూర్తికాలేదని తన సలహా అభిప్రాయమును వెలువరించెను.

పతాకము ఎగిరిన రెండేండ్లలోపుననే, 1969 డిసెంబరులో, రాంగులామ్ దువాల్‌ను ప్రభుత్వమునకు ఆహ్వానించెను. బ్రిటనును విడువరాదని ఊరూర తిరిగినవాడు స్వతంత్ర దేశపు విదేశాంగమంత్రి యయ్యెను. వలదన్నవారికి ఇంటిలో గది దొరకినది. కాని అందులకు వారిరువురును ఒక నియమమునకు ఒప్పుకొనిరి: 1972లో రావలసిన ఎన్నికలు 1976వరకు రావు. స్వాతంత్ర్యము కొరకు రాంగులామ్‌తో నడచిన సుఖదేవ్ బిసూందోయాల్ ఈ పొత్తును సహింపక ప్రతిపక్షమున కూర్చుండెను. సభలో తలుపులు మూయగా మాటలు వీథికి వచ్చుట సహజము: 1969లోనే పాల్ బెరాంజే మున్నగు యువకులు స్థాపించిన మారిషస్ సమరపక్షము రేవుపనివారిని, బస్సుపనివారిని కూడగట్టి సమ్మెలు చేయించెను, 1971లో ప్రభుత్వము అత్యవసర పరిస్థితి విధించి నాయకులను చెరసాలకు పంపెను. వర్గముల నడుమ తగవును మాన్పిన పొత్తు, వర్గములకు అతీతముగా మాటలాడిన పార్టీని అణచుటకు వినియోగపడుట ఆ చరిత్రలోని వింతలలో ఒకటి.

1976 డిసెంబరు 20న ఎట్టకేలకు ఎన్నికలు జరిగెను. ఓటుహక్కు వయస్సును పదునెనిమిదేండ్లకు తగ్గించియుండుటచేత, 1967లో పలకపట్టుకొని బడికి పోవుచుండిన పిల్లలు ఇప్పుడు వరుసలో నిలచిరి. సమరపక్షము 34 స్థానములతో అన్నింటికంటె పెద్దపక్షమయ్యెను. రాంగులామ్ పక్షమునకు 28, దువాల్ పక్షమునకు 8. డెబ్బదిలో ముప్పదియారు కూడిన పాత ప్రత్యర్థులిరువురు మరల ఒక్క మంత్రివర్గమున చేరి, రెండు స్థానముల ఆధిక్యముతో మరి అయిదేండ్లకు పైగా రాజ్యమేలిరి.